చెవి అప్పిస్తారా?

"అమ్మా, చెవి ఎవరన్నా అప్పిస్తరా?"

పప్పు కుక్కర్ మూడో విజిల్‌కి వచ్చిన టైములో మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు టీచరమ్మ 'వినడం' మీద పది జాతీయాలు ఇచ్చి, ఒక్కొక్కదానికీ అర్థం ఏమిటో, ఆ మాట ఎక్కడ పుట్టిందో రాసుకు రమ్మన్నారట. అందులో మొట్టమొదటిది 'లెండ్ ఆన్ ఇయర్'. చెవి అప్పివ్వడం.

వరండాలో మంచం మీద కూర్చున్న మా అత్తమ్మ "ఏందట?" అని అడిగింది. ఆమెకు 84 ఏళ్ళు. చెవుడు వచ్చి నాలుగేళ్ళయింది. చెవి మిషన్ కొనిచ్చాం గానీ, పెట్టుకుంటే గుయ్యిమంటోందని డబ్బాలోనే పెట్టేసింది. "ఏం లేదత్తమ్మా, హోంవర్కు" అని గట్టిగా అరిచి, నేను పప్పు ఎనపడానికి లోపలికి పోయాను.

ఆ పది జాతీయాలు అమ్మాయికి ఒక్క సాయంత్రం పని. నాకు మాత్రం పది రోజులు పట్టింది. ఒక్కో మాట వెనకాల పడి పోతుంటే అది ఎక్కడెక్కడికో తీసుకుపోయి, చివరికి మళ్ళీ మా జనగామలో మా వరండాలోనే వదిలిపెట్టింది. ఆ ముచ్చటే మీతో చెప్పుకుందామని.

చెవి అప్పు అడిగింది షేక్‌స్పియర్ నాటకంలో మార్క్ ఆంటోనీ. 1599 నాటి 'జూలియస్ సీజర్'. సీజర్ శవం పక్కన నిలబడి రోమ్ జనాన్ని చెవులు అప్పివ్వమని అడుగుతాడు. వాళ్ళు ఇస్తారు. అతను చెప్పింది విన్నాక అదే జనం చంపినవాళ్ళ ఇళ్ళు తగలబెట్టడానికి లేచిపోతారు. అప్పిచ్చిన చెవులు మళ్ళీ చేతికి వచ్చినట్టు లేవు మరి! మన తెలుగులో చెవి అప్పివ్వం, చెవి ఒగ్గుతాం. ఒగ్గడం అంటే చాచి పట్టడం. దోసిలి ఒగ్గినట్టు, కొంగు ఒగ్గినట్టు చెవి కూడా ఒగ్గుతాం. నాకెందుకో మన మాటే నచ్చింది. అప్పులో లెక్క ఉంటుంది, ఒగ్గడంలో ఆశ ఉంటుంది.

కొన్నైతే రెండు భాషల్లోనూ అచ్చు గుద్దినట్టు ఒకటే. ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోవడం గురించి ఇంగ్లీషు వాళ్ళ చాసర్ అనే కవి 14వ శతాబ్దంలోనే రాశాడు. మా ఆయన గురించి నేను రోజూ అనే మాట అది, చాసర్‌ని చదవకుండానే. 'టర్న్ అ డెఫ్ ఇయర్' అంటే మన పెడచెవిన పెట్టడమే. పెడ అంటే పక్కకు తిరిగినది. పెడమొహం, పెడసరం అన్నీ ఆ కుటుంబమే. చెవుడు ఉండి వినపడకపోవడం వేరు, ఉన్న చెవిని పక్కకు తిప్పేసుకోవడం వేరు. రెండు భాషల్లోనూ తప్పు రెండోవాళ్ళదే. పాము దగ్గర మాత్రం తేడా వచ్చింది. బైబిల్ కీర్తనల్లో పాము తన చెవి తానే మూసుకుని, నాగస్వరం వాడి మాట విననంటుంది. మన పెద్దలు అసలు దానికి చెవులే లేవని తేల్చి, కళ్ళతో వింటుందని చక్షుశ్రవం అని పేరు పెట్టారు. కళ్ళతో వినడం ఏమిటని నవ్వుకున్నాను గానీ, ఆ మాట తర్వాత నాకు వేరేగా గుర్తొచ్చింది.

'ఇయర్ టు ద గ్రౌండ్' అంటే నేలకు చెవి ఆనించి దూరంగా వచ్చే గుర్రాల చప్పుడు పట్టడం. అమెరికాలో పుట్టిన మాట. నాకు మాత్రం మా మానుకోట గుర్తొచ్చింది. మానుకోటంటే మహబూబాబాద్, మా పుట్టిల్లు. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైను మా ఇంటికి దగ్గరే. చిన్నప్పుడు మేం పట్టాకి చెవి ఆనించి, రైలు కంటికి కనిపించకముందే దాని రాక చెప్పేవాళ్ళం. అమ్మ చూసిందంటే వీపు విమానం మోతే. మీ పిల్లలకు ఈ పేరా చూపించకండి.

ఇక ఎక్కువ రోజులు నన్ను పట్టుకుని వదలని మాట 'ఈవ్స్‌డ్రాపింగ్'. చాటుగా వినడం. అమ్మాయి నోట్సులో ఒక్క లైను రాసి ఊరుకుంది. కానీ ఆ మాట విప్పి చూస్తే మన పాత ఇల్లే కనిపించింది. ఈవ్స్ అంటే చూరు. వాన పడ్డప్పుడు చూరు నుంచి నీళ్ళు కారి నేల మీద పడే చోటే ఈవ్స్‌డ్రాప్. మా అమ్మమ్మది గూనపెంకల ఇల్లు. వానాకాలం అయ్యేసరికి ఇంటి చుట్టూ చూరు నీళ్ళు పడి పడి వరసగా చిన్న చిన్న గుంటలు పడేవి, ఎవరో సూదితో కుట్టినట్టు. ఆ గుంటల వరసకూ గోడకూ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా ఉండేది. అక్కడ నిలబడి కిటికీలోంచి లోపలి మాటలు వినేవాడే ఈవ్స్‌డ్రాపర్.

ఇంగ్లండ్‌లో అది నేరం. బ్లాక్‌స్టోన్ అనే న్యాయ పండితుడు తమ దేశపు చట్టాల మీద రాసిన పెద్ద గ్రంథం నాలుగో సంపుటం 1769లో వచ్చింది. గోడల పక్కన, కిటికీల కింద, చూరు కింద నిలబడి విని, దాంతో లేనిపోని కథలు అల్లేవాళ్ళు ఊరికి పీడ అని, వాళ్ళకు శిక్ష ఉందని అందులో ఉంది. అంతవరకూ సరే. కాస్త కిందనే ఇంకో నేరం ఉంది. నోరు పెట్టుకుని బతికే ఆడది, అంటే గయ్యాళి. ఈ నేరానికి చట్టంలో వాడిన లాటిన్ మాట స్త్రీలింగమే కాబట్టి ఇది ఆడవాళ్ళకు మాత్రమే వర్తిస్తుందని కూడా ఆయన రాశాడు. శిక్ష ఏమిటో తెలుసా? ఒక కుర్చీకి కట్టి నీళ్ళలో ముంచి లేపడం. చాటుగా వినడం, గట్టిగా మాట్లాడడం, రెండు నేరాలూ ఇంగ్లండ్ చట్టంలోంచి పోయింది ఒకే రోజు, 1967లో వచ్చిన ఒకే చట్టంతో. మా అమ్మ ఆ పాటికి బడికి పోతోంది!

ఇది చదివాక రాత్రి అంట్లు తోముతూ చాలాసేపు ఆలోచించాను. మనం ఆడవాళ్ళం చూరు కింద నిలబడే అవసరం లేదు, ఇంట్లోనే చాటుగా విన్నాం. మగవాళ్ళు వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే దర్వాజ వెనక నిలబడి విన్నాం. నా పెళ్ళి కట్నం ఎంతకు కుదిరిందో నాకు ఎవరూ పిలిచి చెప్పలేదు. చాయ్ గ్లాసులు పట్టుకుని దర్వాజ చాటున నిలబడ్డప్పుడు నా చెవిన పడింది. మీలో చాలామందికి ఇదే అనుభవం ఉంటుందని నా అనుమానం. మన గురించి జరిగే మాట మన ముందు జరగదు. వినాలంటే చాటుగానే వినాలి, విన్నామని తెలిస్తే "ఆడపిల్లకు అన్నీ కావాలె" అనిపించుకోవాలి. ఏదన్నా పని కావాలంటే మళ్ళీ మెల్లగా ఆయన 'చెవిన వేయాలి'. చూడండి, మన చేతిలో ఉన్న జాతీయాలన్నీ ఎంత చప్పుడు లేనివో.

కానీ 'వినడం' అనే మాటకే మన ఇళ్ళలో ఇంకో అర్థం ఉంది. "పిల్ల మాట వింటది" అంటే ఏమిటి? చెవులు బాగా పనిచేస్తాయనా? చెప్పినట్టు చేస్తుందని. సంబంధాలు చూసేటప్పుడు ఇది పెద్ద మెప్పు. ఇది మన తెలుగుకే పట్టిన జబ్బు అనుకున్నాను. కాదు. ఇంగ్లీషు 'ఒబే' అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దాని లోపల ఉన్నది ఆడియో, ఆడిటోరియం మాటల్లో ఉన్న వేరే, వినడం అనే వేరు. అంటే అక్కడ కూడా విన్నదీ లోబడ్డదీ ఒకటే. 1549లో వచ్చిన ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకంలో పెళ్ళికూతురు మొగుడి మాట వింటానని ప్రమాణం చెయ్యాలి. పెళ్ళికొడుకు ప్రమాణంలో ఆ మాట లేదు. వినడం అనే ఒక్క పనిని రెండు ముక్కలు చేసి, చెప్పినట్టు చేసే ముక్క మనకిచ్చి, శ్రద్ధగా వినిపించుకునే భాగ్యం ఇంకొకళ్ళకిచ్చారు. సముద్రానికి అవతల కూడా అంతే, ఇవతల కూడా అంతే.

మన దగ్గర చదువు అంటేనే వినడం. వేదాన్ని శ్రుతి అన్నారు, అంటే విన్నది. బాగా చదువుకున్నవాణ్ణి బహుశ్రుతుడన్నారు, అంటే చాలా విన్నవాడు. మరి ఆ శ్రుతి ఆడవాళ్ళు వినకూడదన్నారు, శూద్రులు వినకూడదన్నారు. అంటే చదువు గుమ్మం దగ్గరే చెవి మూసేశారన్నమాట. వాళ్ళ కోసం పురాణాలు, ఇతిహాసాలు ఉన్నాయి కదా, అవి వింటే చాలన్నారు. ఆ 'చాలు' అన్న దాన్ని పట్టుకుని మా జిల్లాలో ఇద్దరు మహానుభావులు ఏం చేశారో చెప్పాలి. మానుకోట, భూపాలపల్లి, జనగామ 2016లో విడివిడి జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు ఎక్కువ భాగం వరంగల్ జిల్లానే. నా పుట్టిల్లు ఒకటి, అత్తమ్మ పుట్టిల్లు ఒకటి, మెట్టిల్లు ఒకటి. అందుకని మా జిల్లా అంటే నాకు మూడూ వస్తాయి.

ఒకరు 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు. మా పాలకుర్తి ఆయనదే అని మేం గట్టిగా చెప్పుకుంటాం. బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద చదువుకోవడానికి కాదు, పాడితే వినడానికి. అందరికీ తెలిసే జానుతెనుగు కావాలన్నాడు. ఆయన పండితారాధ్య చరిత్రలో ఆ కాలపు జనం పాడుకునే పాటల పేర్లు చెప్పాడు: తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు. ఈ వరస చూసినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. గొబ్బి, వెన్నెల, నివాళి. అంటే ఏడు వందల ఏళ్ళ కిందట అంత పెద్ద పండితుడు ఎక్కడో నిలబడి ఆడవాళ్ళు పాడుకునేది శ్రద్ధగా విన్నాడు. విని, వాటికి పుస్తకంలో చోటిచ్చాడు. ఆ పాటలు పాడినవాళ్ళ పేర్లు మనకు దొరకవు గానీ, ఒక్క చెవి వాళ్ళ వైపు తిరిగిందన్న సాక్ష్యం దొరికింది.

రెండోవారు పాలకుర్తి పక్కనే ఉన్న బమ్మెర పోతన. 15వ శతాబ్దం. భాగవతమంతా వినడం మీదే నిలబడి ఉంది. ఏడు రోజుల్లో చనిపోతానని తెలిసిన పరీక్షిత్తు చేసిన పని వినడం. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తుల్లో మొదటిది శ్రవణం. ప్రహ్లాదుడికి అదంతా ఎక్కడ తెలిసింది? తల్లి కడుపులో ఉండగా నారదుడు చెబుతుంటే విన్నాడని మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన కథ. కానీ నారదుడు చెప్పింది ఎవరికి? ఆ తల్లికి. ఆమె కూర్చుని విన్నది. మరి ఆమె సంగతేమైంది? సంస్కృత భాగవతంలో ప్రహ్లాదుడే చెప్తాడు: చాలా కాలం గడవడం వల్లా, ఆడది కావడం వల్లా అమ్మ అది మరిచిపోయింది, నేను మాత్రం మరవలేదు అని.

ఆడది కావడం వల్ల మరిచిపోయిందట! ఇన్నేళ్ళుగా ఈ కథ పిల్లలకు నేనే చెప్తున్నాను, ఈ ముక్క ఎన్నడూ పట్టించుకోలేదు. అభిమన్యుడి కథా ఇంతే. పద్మవ్యూహం గురించి చెబుతుంటే సుభద్ర మధ్యలో నిద్రపోయింది, కడుపులోంచి పిల్లాడు ఊ కొట్టాడు, అందుకే బయటికి వచ్చే దారి తెలియలేదని మా నాయనమ్మ చెప్పేది. ఒక తల్లి మరిచిపోయింది, ఒక తల్లి నిద్రపోయింది. నెలలు నిండిన మనిషి రాత్రిపూట యుద్ధం ముచ్చట్లు వింటూ నిద్రపోకుండా ఉంటుందా? కన్నవాళ్ళకు తెలుస్తుంది. కొడుకు చావుకు కూడా ఆమె కునుకే కారణమైంది.

ఊ కొట్టడం ఎంత గొప్ప పనో ఒగ్గు కథ విన్నవాళ్ళకు తెలుసు. చెవి ఒగ్గడం చెప్పాను కదా, ఆ ఒగ్గుకూ ఈ ఒగ్గుకూ ముడి పెట్టను. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం అని ఆ కథ చెప్పే కురుమలు చెప్తారు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ, రాత్రంతా సాగుతాయి. ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కన వంతపాడేవాళ్ళు అందుకుంటారు. వాళ్ళ ఊ లేకపోతే కథ కదలదు. ఇంగ్లీషులో 'ప్లే బై ఇయర్' అంటారే, కాయితం చూడకుండా విని నేర్చుకున్నది వాయించడం, అది మన దగ్గర జాతీయం కాదు, బతుకు. ఒగ్గు కథ నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచి వచ్చిన విద్య. మా జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇచ్చినప్పుడు మేమంతా మా ఇంట్లో మనిషికి వచ్చినట్టే సంబరపడ్డాం. 2017లో పోయారాయన.

మళ్ళీ పాలకుర్తికే వస్తాను, ఎందుకంటే అసలు నన్ను కూర్చోనివ్వని సంగతి అక్కడిదే.

'వాల్స్ హావ్ ఇయర్స్' అన్న జాతీయం కింద అమ్మాయి 'గోడలకు చెవులుంటాయి' అని రాసుకుంది. ఈ మాటకు సిసిలీ ద్వీపంలో ఒక గుహ చూపిస్తారు. డయొనీసియస్ చెవి అని దాని పేరు. ఒక నియంత అందులో ఖైదీలను పెట్టి, వాళ్ళు గుసగుసలాడేది పైనుంచి వినేవాడని కథ. మనకు అంత దూరం ఎందుకు? నిజాం కాలంలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఏలిన ఊళ్ళలో గోడలకే కాదు, చెట్లకూ చెవులుండేవని పెద్దవాళ్ళు చెప్తారు. సంఘం మాట ఎత్తితే గడీ దాకా పోయేది. అట్లాంటి కాలంలో పాలకుర్తిలో చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ, నేను దున్నిన భూమి, నా పంట అని నిలబడింది. దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం వాళ్ళు తోడు వచ్చి పంట ఆమె ఇంటికి చేర్చారు. తర్వాత 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గుండుకు బలయ్యాడు. అటు తర్వాతిది మీకు తెలిసిన చరిత్రే, 1951లో పోరాటం ఆపే దాకా.

తెలిసిన చరిత్ర అన్నాను గానీ, తెలిసింది ఎవరు చెప్పిన చరిత్ర? నాయకులు రాశారు, పార్టీలు రాశాయి. దళాలకు అన్నం మోసినవాళ్ళు, కబుర్లు చేరవేసినవాళ్ళు, తుపాకీ పట్టినవాళ్ళు, పిల్లల్ని వదిలేసి అడవికి పోయినవాళ్ళు, ఆ ఆడవాళ్ళ నోటి మాట మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ కూర్చుని వినలేదు. 1980ల్లో హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల బృందం టేపు రికార్డరు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు పోయింది. చెప్పమని అడిగింది, విన్నది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వచ్చింది. 1989లో ఇంగ్లీషులో కూడా వచ్చి ప్రపంచమంతా చదివారు. మల్లు స్వరాజ్యం గారు, ఐలమ్మ, ఇంకా ఎందరో, వాళ్ళు మాట్లాడిన తీరులోనే ఉంటారు అందులో. గొప్పలతో పాటు, పోరాటం ఆగాక ఇక ఇళ్ళకు పొమ్మంటే ఎట్లా పోయారో ఆ కడుపుకోత కూడా ఉంది.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. పుస్తకం వచ్చింది ఆ మరుసటి ఏడు. టేపు రికార్డరు కొంచెం ఆలస్యంగా బయల్దేరి ఉంటే? ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నేను మా వరండాలోకి పోయి అత్తమ్మ ముందు ఊరికే కూర్చున్నాను. "ఏంది బిడ్డా, పాణం బాగలేదా?" అన్నది. పని లేకుండా నేను ఆమె దగ్గర కూర్చుని ఎంత కాలమైందో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

మా అత్తమ్మ పుట్టిల్లు ఇప్పటి భూపాలపల్లి జిల్లాలో, చిట్యాల వైపు ఒక పల్లె. 1948లో రజాకార్లు తిరిగిన కాలంలో ఆమెకు ఎనిమిదేళ్ళు ఉంటాయి. వాళ్ళొస్తున్నారని తెలిసి ఊరి ఆడవాళ్ళు జొన్నచేలో దాక్కున్నప్పుడు వాళ్ళ అవ్వ ఈమె నోరు చేత్తో గట్టిగా మూసిందట. ఈ కథ నా పెళ్ళైన కొత్తలో ఎన్నిసార్లు మొదలుపెట్టిందో. నేను కూరగాయలు కోస్తూ ఊ, బట్టలు మడతపెడుతూ ఊ, తర్వాత తర్వాత టీవీ చూస్తూ ఊ. గంగిరెద్దు కూడా నాకన్నా నయం. అది కనీసం ఎదురుగా నిలబడి తల ఊపుతుంది. చెవుడు ఆమెకు కదా వచ్చింది, నోరు బాగానే ఉంది కదా, మరి ముచ్చట్లు ఎందుకు ఆగిపోయాయి? ఊ కొడుతున్నామో లేదో ఆమెకు వినపడదు. వినపడక, మేం వినడం లేదనుకుని ఆపేసింది. మాకేమో ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టు అనిపించింది.

చెవుడు వచ్చాక మేం ఆమెతో అరిచే మాటలు లెక్కపెట్టాను. తిన్నవా, మందులేసుకున్నవా, బాత్రూం లైటు ఆపు, ఫ్యాన్ వెయ్యనా. అంతే. అవన్నీ నిజంగానే చేస్తాను, లోటు లేకుండా చేస్తాను. "కోడలు మంచిగ చూసుకుంటది" అని వాడకట్టంతా అంటుంది. ముసలివాళ్ళకు, జబ్బు మనుషులకు చేసే ఈ సేవకు మనవాళ్ళు పెట్టిన పేరు శుశ్రూష. అమ్మాయి హోంవర్కు పుణ్యమా అని ఆ మాట కూడా నిఘంటువులో చూశాను. సంస్కృతంలో దాని మొదటి అర్థం సేవ కాదు. వినాలనే కోరిక. శ్రవణం, శ్రుతి, శ్రోత, ఆ ఇంటి ఆడపడుచే శుశ్రూష. గురువు చెప్పేది వినాలని కోరుకునేవాడు గురువు దగ్గరే ఉండి పనులు చేస్తాడు కాబట్టి మెల్లగా ఆ మాటకు సేవ అని అర్థం వచ్చింది. తర్వాత పనులు మిగిలాయి, వినడం జారిపోయింది. నిఘంటువు మూసి పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన పడుకున్నాక, అత్తమ్మ మంచం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. అమ్మాయి ఫోనులో రికార్డరు పెట్టింది. నేను ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టి "అత్తమ్మా, జొన్నచేను ముచ్చట చెప్పు" అన్నాను. నమ్మలేనట్టు చూసింది. "అది ఇప్పుడెందుకు?" అన్నది. ఇంకోసారి అడిగాను. మొదలుపెట్టింది. ఊ అంటే ఆమెకు వినపడదు కదా, అందుకని ఆమె చెయ్యి నా చేతిలో పెట్టుకుని, ప్రతి మాటకూ మెల్లగా నొక్కాను. ఆమె నా మొహం చూస్తూనే చెప్పింది. చక్షుశ్రవం అంటే నవ్వొచ్చింది కదా నాకు, ఆ రోజు రాలేదు.

"చేన్ల నాకు కనబడ్డది ఏం లేదు బిడ్డా. ఇనబడ్డదే అంత" అన్నది. బూట్ల చప్పుడు, ఎండిన జొన్న ఆకు మీద ఎవరో నడిచిన చప్పుడు, ఎక్కడో కుక్క. వాళ్ళ అవ్వ గుండె కొట్టుకోవడం తన వీపుకు తెలిసిందట. ఇది నేను ఎన్నడూ వినలేదు. లేదా ఆమె చెప్పింది, నేను ఊ అన్నాను.

రికార్డింగు 43 నిమిషాలు ఉంది. అందులో రెండుసార్లు కూరగాయల బండి, ఒకసారి కుక్కర్ విజిల్. ఇంగ్లీషు టీచరమ్మ అమ్మాయికి పదికి తొమ్మిది వేశారు. 'ఆల్ ఇయర్స్' కి సొంత వాక్యం రాయమంటే 'ఆదివారం మా నానమ్మ కోసం మా అమ్మ ఒళ్ళంతా చెవులు' అని ఇంగ్లీషులో రాసింది, వ్యాకరణం తప్పట. జొన్నచేను ఎవరిదో, ఆ రాత్రి తర్వాత ఎటు పోయారో అత్తమ్మ చెప్పకముందే నిద్ర వచ్చిందని ఒరిగింది. వచ్చే వారం భూపాలపల్లి సింగరేణి క్వార్టర్స్ నుంచి మా పెద్ద ఆడబిడ్డ వస్తోంది. ఆ ఊరి మనుషుల పేర్లు ఆమెకు కొన్ని తెలుసు. ఇద్దరం కలిసి కూర్చుంటాం. మధ్యాహ్నం వంట పొద్దున్నే చేసి పెట్టేస్తాను, కుక్కర్ గోల లేకుండా.